బోధించువాని బ్రతుకే మొదటి బోధ

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: మత్తయి 23:1-12, 1 సమూయేలు 12:1-5

  

ఈ దినము మన ధ్యానాంశము దైవసేవకుల వినయమును గూర్చినది. బోధించువాడు తాను బోధించిన ప్రకారము నడచుకొనుటను గూర్చినది. "ఇది పాస్టరుగార్ల సంగతి కదా, మాకెందుకు?" అని దయచేసి పేజీ త్రిప్పివేయకండి. సండేస్కూలులో పది మంది పిల్లలకు బోధించే అక్కయ్య నాయకురాలే. స్త్రీల సమాజపు అధ్యక్షురాలు నాయకురాలే. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన నడిపించే తండ్రి కూడా నాయకుడే. ఎవని మాట వెనుక మరొకరు నడుస్తున్నారో వాడు నాయకుడు. గనుక ఈ మాటలు మనందరికీ చెందినవి. వాక్యము చెప్పువాని చెవులే అతని నోటికి అన్నిటికంటె దగ్గరగా ఉన్నవి గనుక, మొదట నాకు చెందినవి.

మత్తయి సువార్త 23వ అధ్యాయము తెరచి చూడండి. సిలువకు ముందు ఆఖరి వారములో, యెరూషలేము దేవాలయములో, జనసమూహము ఎదుట ప్రభువు ఈ మాటలు పలికారు. శాస్త్రులు, పరిసయ్యులు మోషే పీఠము మీద కూర్చున్నారు గనుక వారు బోధించినది గైకొనండి, అయితే వారి నడతను మాత్రము అనుసరించకండి అన్నారు. ఆ తరువాత వారి మీద మూడు సంగతులు మోపారు. ఒకటి, చెప్తారే గాని చేయరు. రెండు, మోయలేని బరువులు ఎదుటివారి భుజాలకెత్తి, తాము వ్రేలితోనైనా సాయము పట్టరు. మూడు, ఏ పని చేసినా పదిమంది చూడవలెనని చేస్తారు. విందులలో ముందు వరుస కావాలి, సంతలో నమస్కారాలు కావాలి, పేరుకు ముందు బిరుదు కావాలి.

ఇక్కడ మనము జాగ్రత్తగా గమనించవలసినది ఒకటి ఉన్నది. ప్రభువు పీఠాన్ని పడగొట్టమనలేదు. బోధకుని నడత బాగులేదు గనుక బోధను పారవేయుమనలేదు. "మా పాస్టరుగారు సరిగా లేరు, అందుకే నేను గుడికి పోవడం మానేశాను" అని చెప్పేవారు ప్రతి ఊరిలో ఉన్నారు. ప్రియులారా, పోస్టుమ్యాను మంచివాడు కాదని మన తండ్రి వ్రాసిన ఉత్తరము చింపివేసుకుంటామా? ఉత్తరము తీసుకోవాలి, చదువుకోవాలి. అయితే ఆ పోస్టుమ్యాను తన అధికారికి లెక్క చెప్పుకొనక తప్పదు. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉన్నదని యాకోబు తన పత్రిక 3వ అధ్యాయములో హెచ్చరించాడు.

ఈ అధ్యాయములో ప్రభువు మాటిమాటికి వాడిన మాట "వేషధారులు". గ్రీకు భాషలో ఆ మాటకు నాటకములో వేషము కట్టువాడు అని అర్థము. మన చిత్తూరు ప్రాంతపు పల్లెలలో ఎండాకాలము భారతము ఆడుట మీకు తెలుసు. రాత్రి ధర్మరాజు వేషము వేసిన వ్యక్తి తెల్లవారేసరికి రంగు కడుక్కొని పొలానికి పోతాడు. అతడు ఎవరినీ మోసగించలేదు. అది వేషమని చూచినవారందరికీ తెలుసు. అయితే ఆదివారము పులిపిట మీద ఒక వేషము వేసి, సోమవారము ఇంట్లో మరొక మనిషిగా బ్రతికేవాని సంగతి వేరు. అది వేషమని సంఘానికి తెలియదు. కొన్నాళ్ళకు తనకు కూడా తెలియకుండా పోతుంది. ప్రమాదము అక్కడే ఉన్నది.

బలహీనత వేరు, వేషధారణ వేరు. కుంటుతూ నడిచే కాపరి "నేను కుంటుచున్నాను, నా కొరకు ప్రార్థించండి" అంటే సంఘము అతని చేయి పట్టుకుంటుంది. కుంటుతూనే పరుగెత్తుచున్నట్టు నటించే కాపరిని ఎవరు పట్టుకోగలరు?

ఈ సత్యమును మన సొంత నేల మీద నిలబడి ధ్యానిద్దాము. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగములోని ఈ మూడు ఊళ్ళు మూడు పాఠాలు నేర్పుచున్నవి.

మొదటిది మదనపల్లె: జనులు చూస్తున్నారు

మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. అమెరికా దేశపు రిఫార్మ్డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషను తరఫున 1863లో డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ గారు అక్కడికి వచ్చారు. ఆయన పాదిరి, వైద్యుడు కూడా. 1908లో కన్నుమూసినది కూడా మదనపల్లెలోనే. తెలుగు బైబిలు సవరణ పనిలో ఆయన చేసిన ప్రయాస గొప్పది. అయితే ఈ దినము నేను చెప్పదలచినది ఆయన పాండిత్యమును గూర్చి కాదు. ఆయనే వ్రాసిపెట్టిన ఒక సంగతిని గూర్చి.

మదనపల్లెలో మిషను వారి పఠనాలయములో ఒకనాడు బైబిలును గూర్చి ఉపన్యాసము జరిగింది. ముగిసిన తరువాత బాగా చదువుకున్న ఒక బ్రాహ్మణ పండితుడు లేచి, రెండు మాటలు చెప్పనిమ్మన్నాడు. అతడు క్రైస్తవుడు కాడు. చేంబర్లేన్ గారు ఏమి వినవలసి వచ్చునో అనుకొని ఉండవచ్చు. ఆ పండితుడు కిటికీలో నుండి కనబడే దారి ప్రక్క మామిడిచెట్టును పోలికగా తీసుకున్నాడు. కాయ పండుబారిన నాటి నుండి పోయేవారూ వచ్చేవారూ ఆ చెట్టును రాళ్ళతో, కర్రలతో కొడతారు. కొమ్మలు విరుగుతాయి. ఆకులు రాలుతాయి. అంతమాత్రాన ఆ చెట్టు కాపు మానుకుంటుందా? మరుసటి ఏడు మళ్ళీ పూస్తుంది, మళ్ళీ కాస్తుంది, మళ్ళీ దెబ్బలు తింటుంది. ఈ మిషనరీలు ఆలాటివారు అన్నాడు.

ఇంకా ఏమన్నాడంటే, వీరు వచ్చినప్పుడు మనము అనుమానించాము, దూరము పెట్టాము, నిందలు వేశాము. వైద్యశాల పెట్టినప్పుడు, పంచములు తాగితే తాగనీ, మనకు ఆ మందు వద్దనుకున్నాము. చివరకు మన ఇంటి ఆడవారికి ప్రాణము మీదికి వచ్చినప్పుడు మనమే పోయి ఆయనను లోపలి గదిదాకా పిలుచుకొని వచ్చాము. ఇదంతా చేయుట వలన ఆయనకేమి లాభము? ఆయన చేత ఇది చేయించుచున్నది ఏమిటా అని నేను గమనిస్తూ వచ్చాను, అది ఆయన దగ్గర ఉన్న బైబిలు అని తేల్చాడు.

ప్రియులారా, ఈ వరుసను గమనించారా? ఆ పండితుడు మొదట బైబిలు చదివి, తరువాత మిషనరీని నమ్మలేదు. ఏండ్ల తరబడి మనిషిని చూచాడు. ఆ మనిషిని బట్టి, ఈయన చదివే గ్రంథములో ఏదో ఉన్నదని గ్రహించాడు. చేంబర్లేన్ గారు ఉపన్యాసము చెప్పినది ఆ ఒక్క పూట. ఆయన జీవితము చెప్పిన ప్రసంగము మాత్రము ఏండ్ల తరబడి సాగింది, అదీ తనకు తెలియకుండా ఎవరో చూస్తుండగా!

మన సంగతి ఏమిటి? మనలను కూడా ఎవరో చూస్తున్నారు. కిరాణా కొట్టులో బాకీ వ్రాసుకొనే సెట్టి చూస్తున్నాడు, ఈ పాస్టరుగారు బాకీ ఎప్పుడు తీర్చునో అని. ఆటో నడిపే అబ్బాయి చూస్తున్నాడు. ఇంట్లో అంట్లు తోమే ఆమె చూస్తున్నది, అయ్యగారు అమ్మగారితో ఎట్లా మాట్లాడుతారో అని. అందరికంటె ఎక్కువగా మన పిల్లలు చూస్తున్నారు.

మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయినవారికి ఒక సంగతి తెలుసు. వేలములో క్రేట్లు వరుసగా పెడతారు. పైన ఎర్రగా, నిగనిగలాడే కాయలు ఉంటాయి. అనుభవము గల వ్యాపారి పైకాయలు చూచి పాట పాడడు. చేయి అడుగుదాకా పోనిస్తాడు. అడుగున మెత్తబడిన కాయ తగిలిందా, రైతు ఎంత మంచివాడని చెప్పినా ధర దిగిపోతుంది. ఆదివారము పైకాయ. సోమవారము నుండి శనివారము వరకు అడుగుకాయ. లోకము అడుగుదాకా చేయి పెట్టి చూస్తుంది. దేవుడైతే చేయి పెట్టనవసరము లేకుండానే చూస్తాడు.

రెండవది పుంగనూరు: తక్కువ తిని ఎక్కువ ఇచ్చుట

పుంగనూరు అనగానే లోకానికి జ్ఞాపకము వచ్చేది ఆ పొట్టి ఆవు. ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. వాన తక్కువైన మన మెట్టనేలలో కొద్దిపాటి మేతతో బ్రతుకుతుంది. పాలు ఎన్నో లీటర్లు ఇవ్వదు. అయితే మామూలు ఆవుపాలలో వెన్నశాతము 3 నుండి 4 వరకు ఉంటే, దీని పాలలో దాదాపు 8 వరకు ఉంటుందని చెప్తారు. ఈ జాతి అంతరించిపోకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రములో కాపాడుతూ వచ్చారు.

దైవసేవకుని జీవితమును గూర్చి చెప్పడానికి ఇంతకంటె మంచి చిత్రము నాకు దొరకలేదు. తన కోసము తీసుకొనేది తక్కువ, మందకు ఇచ్చేది చిక్కనిది. పౌలు మిలేతు దగ్గర ఎఫెసు పెద్దలను పిలిపించి వీడ్కోలు చెప్పినప్పుడు ఏమి జ్ఞాపకము చేశాడు? అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము చూడండి. ఎవరి వెండినీ బంగారమునూ బట్టలనూ తాను కోరలేదనీ, తన ఖర్చుకూ తనతో ఉన్నవారి ఖర్చుకూ తన చేతులే కష్టపడ్డాయనీ చెప్పాడు. ఆ చేతులు గుడారాలు కుట్టి కాయలు కాచిన చేతులు. వాటిని చూపించి చెప్పగలిగాడు.

ఇప్పటి కాలము చూడండి. సభ జరిగితే ఊరి కూడలిలో ఫ్లెక్సీ కడతారు. అందులో ప్రసంగీకుని ఫోటో నిలువెత్తు ఉంటుంది. యేసు నామము ఒక మూలన చిన్న అక్షరాలలో ఉంటుంది. పేరుకు ముందు బిరుదులు, పేరుకు వెనుక పట్టాలు. చదివి సంపాదించిన డాక్టరేటును నేను తప్పు పట్టుటలేదు. చదవకుండా, పరిశోధన చేయకుండా, డబ్బు కట్టి తెచ్చుకున్న డాక్టరేటు పులిపిట మీద నిలబడి సత్యమును బోధించునా? వేదిక మీద కుర్చీలలో ఒకటి మాత్రము సింహాసనమువలె ఎందుకుండాలి? దైవజనునికి వేరే పళ్ళెము, వేరే గది, విశ్వాసులకు వరుసలో నిలబడి ప్లేటు. అక్కడ పిలిచినది మాత్రము "ప్రేమవిందు" అని!

అయితే ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో ఆ పొట్టి ఆవుకు పేరు వచ్చింది. కలిగినవారు లక్షలు పోసి కొని, ఇంటి ముందు అలంకారముగా కట్టుకుంటున్నారు. తక్కువతో బ్రతికే ఆవు గొప్పతనానికి గుర్తయి కూర్చుంది. ప్రియులారా, వినయానికి కూడా ఈ గతి పట్టవచ్చు. "నేను ధూళిని, నేను అల్పుడను, నేను ఏమాత్రపువాడను" అని ప్రార్థనలో అంటాము. మరుసటి దినము ఒక సంఘపెద్ద వచ్చి "అయ్యగారూ, కానుకల లెక్క ఒకసారి చూపించండి" అంటే ముఖము ఎర్రబడుతుంది. నిన్న ధూళి అన్నవాడు నేడు కొండయిపోయాడే! మంచి గురువారము పన్నెండుమంది పాదములు కడుగుతాము. ఫోటో తీస్తారు. ఆ పన్నెండుమందిలో ఒకడు వచ్చే వారము కమిటీలో మన మాటకు ఎదురు చెప్పితే, ఆ పాదములను మళ్ళీ మన గుమ్మము త్రొక్కనిస్తామా?

వినయము గొంతులో ఉండే మెత్తదనము కాదు. నన్ను పరీక్షించే హక్కు నాకంటె చిన్నవానికి ఉన్నదని ఒప్పుకొనుట వినయము.

ఈ సంగతిని సమూయేలు ప్రవక్త జీవితములో స్పష్టముగా చూస్తాము. మొదటి సమూయేలు గ్రంథము 12వ అధ్యాయము. అప్పటికి ఆయన ముసలివాడు. తల నెరసింది. జనులు రాజును కోరుకున్నారు, ఆయన పక్కకు తప్పుకోవలసిన ఘడియ వచ్చింది. ఆలాటి సమయములో సన్మానసభ పెట్టించుకోవచ్చు. సేవలన్నీ ఏకరువు పెట్టుకోవచ్చు. సమూయేలు ఏమి చేశాడు? సర్వజనుల ఎదుట నిలబడి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరినైనా బాధపెట్టి దోచుకున్నానా, లంచము తీసుకొని కన్నులు మూసుకున్నానా, చెప్పండి, ఉంటే తిరిగి ఇచ్చివేస్తాను అని అడిగాడు. అది జనసమూహము కూర్చుండి ప్రవక్తను తనిఖీ చేసిన దినము. జనులు లేదని సాక్ష్యమిచ్చారు.

ఈయన పిల్లల సంగతి కూడా బైబిలు దాచలేదు. 8వ అధ్యాయములో ఆయన కుమారులు లంచగొండులై న్యాయము త్రిప్పివేశారని వ్రాయబడింది. సమూయేలు వారిని న్యాయాధిపతులుగా నియమించాడు, జనులు వారిని ఒప్పుకోలేదు. సంఘము సొంత ఆస్తి కాదు, తండ్రి తరువాత కొడుక్కు వ్రాసి ఇవ్వడానికి! ఎవని కుమారునికైనా పిలుపు ఉండవచ్చు. అయితే పిలుపును తేల్చవలసినది సంఘము. ఇంటి పేరు తేల్చకూడదు.

మూడవది కుప్పం: గీత దాటుట

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్నది. ఒక వైపు తమిళనాడు, ఒక వైపు కర్ణాటక. ఒకే టీ బంకు దగ్గర తెలుగు, తమిళము, కన్నడము మూడూ వినబడతాయి. అక్కడివారు ఎదుటివాని మొగము చూచి అతని భాషలోకి మారిపోతారు. ఎదుటివాడే నా భాష నేర్చుకొని రావాలి అని పట్టుబట్టరు.

మన ప్రభువు చేసినది అదే కదా! యోహాను సువార్త 13వ అధ్యాయములో ఆయన భోజనపు పంక్తి నుండి లేచి, పైవస్త్రము తీసి ప్రక్కన పెట్టి, తువాలు నడుముకు చుట్టుకొని, పళ్ళెములో నీళ్ళు పోసి శిష్యుల పాదములు కడిగారు. యజమాని స్థలము నుండి దాసుని స్థలమునకు గీత దాటి వచ్చారు. ఆ పాదములలో యూదా పాదములు కూడా ఉన్నవి. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయములో పౌలు దీనిని ఇంకా పైనుండి చూపించాడు. దేవుని స్వరూపము గలవాడు దాసుని స్థితికి దిగి, సిలువ వరకు దిగివచ్చాడు.

ఈ గీత దాటుట మిషనరీలకు కూడా తేలిక కాలేదు. 1910వ సంవత్సరములో స్కాట్లాండు దేశపు ఎడిన్‌బరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు మాట్లాడారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. అప్పటికి 35 ఏండ్లవాడు. ఆయన ఆ పెద్దల ఎదుట ఒక బాధాకరమైన సంగతి విప్పాడు. మీరు మా కొరకు ఆస్తులు ఇచ్చారు, శరీరములు కూడా అర్పించారు, అందుకు మేము కృతజ్ఞులము, అయితే మాకు స్నేహము కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని కోరాడు. సేవ ఉన్నది. త్యాగము ఉన్నది. ఒకే బల్ల దగ్గర సమానులుగా కూర్చుండుట మాత్రము లేదు. ఆ మాటలకు కొందరు నొచ్చుకున్నారు. అయినా ఆ సభలో జరిగిన ప్రసంగములలో ఇప్పటికీ ఎక్కువగా జ్ఞాపకము చేసుకొనేది ఆ యువకుని ప్రసంగమునే.

అజరయ్య గారు ఇతరులను అడిగి ఊరకుండలేదు. అప్పటికే 1909లో ఆయన సొంత ప్రాంతము విడిచి తెలుగు దేశములోని డోర్నకల్ చేరుకున్నారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందారు. బిషప్పు అయిన తరువాత కూడా మాల, మాదిగ పల్లెలలోని బీద విశ్వాసుల మధ్యనే తిరిగారు. 1945 జనవరి 1న చనిపోయేవరకు ఆయన పని ఆ డోర్నకల్ ప్రాంతములోనే.

ప్రియులారా, మన మధ్య ఇంకా దాటని గీతలు ఉన్నవి. వాటిని పేరు పెట్టి చెప్పక తప్పదు. క్రీస్తులో అందరూ ఒకటే అని ప్రసంగిస్తాము. సంబంధము మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న కులమే. కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు ఓట్లు లెక్కపెట్టేది ఆ లెక్కనే. ఒకే ఊరిలో రెండు గుంపులవారు రెండు గుళ్ళు కట్టుకొని, రెండింటి మీదా ఒకే సిలువ నిలబెట్టుకున్నారు. క్షమాపణ మీద మూడు రాత్రులు సభలు పెట్టిన ఇద్దరు పాస్టర్లు ఒకే వీధిలో ఎదురుపడితే ముఖము త్రిప్పుకొని పోతారు. సంఘపు ఆస్తుల తగాదాలు కోర్టు మెట్లెక్కి, పత్రికలకెక్కి, అన్యజనుల ఎదుట మన ప్రభువు నామము నలుగుచున్నది. ఇట్టి స్థితిలో మనము మైకు శబ్దము పెంచినందువలన ప్రయోజనమేమిటి?

కుప్పం ప్రాంతము నుండి ఎందరో కూలిపనికి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోతారు, రాత్రి తిరిగి వస్తారు. ఆలాటి సంఘపు కాపరిని ఒక ప్రశ్న అడగాలి. మీ విశ్వాసి ఎన్ని గంటల రైలు పట్టుకుంటాడో మీకు తెలుసా? ఆయన భార్య ఎన్నింటికి లేచి సద్ది కడుతుందో తెలుసా? అది తెలిసిన కాపరి శనివారము రాత్రి జాగరణ ప్రార్థనకు రానివానిని ఆదివారము పులిపిట మీద నుండి ఎత్తిపొడవడు. మోయలేని బరువులు కట్టవద్దని ప్రభువు చెప్పినది ఇదే. మంద అలసట తెలియనివాడు మందను నడిపించలేడు.

సంఘములారా, మీ మాట ఏమిటి?

ఇంతవరకు కాపరులతో మాట్లాడాను. ఇప్పుడు సంఘస్థులైన మీతో ఒక మాట. ఎత్తయిన కుర్చీలో కాపరి ఒక్కడే ఎక్కి కూర్చోడు. మనము కూడా ఎక్కిస్తాము. గజమాల తెచ్చేది ఎవరు? ఫ్లెక్సీకి చందా వేసేది ఎవరు? "మా పాస్టరుగారు ప్రార్థిస్తే చాలు, ఇంకెవరు ప్రార్థించినా పని కాదు" అని చాటేది ఎవరు? మీరంతా సహోదరులు, మీ తండ్రి ఒక్కడే అని ప్రభువు ఈ అధ్యాయములోనే బోధించారు. మనము మనిషిని దేవుని స్థానములో నిలబెట్టి, ఆ తరువాత అతడు పడిపోయినప్పుడు రాళ్ళు తీసుకుంటాము. రెండూ పాపమే.

కాపరిని గౌరవించండి. ఆయన కుటుంబము పస్తులుండకుండా చూడండి. పల్లె సంఘములలో నెల జీతము సరిగా అందక, పిల్లల ఫీజు కట్టలేక, ఎవరికీ చెప్పుకోలేక ఉన్న నమ్మకమైన సేవకులు ఎందరో ఉన్నారు. వారి పేర్లు ఏ ఫ్లెక్సీ మీదా కనబడవు. వారికి మీ పొగడ్తల కంటె మీ నిజాయితీ అవసరము. తప్పు కనబడినప్పుడు వీధిలో మాట్లాడక, ఇంటికి పోయి ప్రేమతో చెప్పండి. అది కాపరికి మీరు చేయగల గొప్ప సహాయము.

పుంగనూరు ప్రక్క పల్లెలలో ఒక సంఘానికి పోయినప్పుడు, అక్షరము ముక్క రాని ఒక ముసలి తల్లి నాతో అన్న మాట ఇక్కడ చెప్తాను. "మాకు సదువు రాదయ్యగారూ. మీరు సదివేది వింటాం. ఇంటికి పొయినాక మీరు ఎట్ల బతుకుతారో చూస్తాం. రెండూ ఒకటైతే నమ్మేది." సెమినరీలో మాకు ప్రసంగ శాస్త్రము బోధించారు. ప్రసంగమునకు ఉపోద్ఘాతము, విషయ విభజన, అన్వయము, ముగింపు ఉండాలని నేర్పించారు. అవన్నీ అవసరమే. అయితే ఆ ప్రసంగమునకు మార్కులు వేసేది ఇటువంటి తల్లులు. వారు వేసే చోటు ఇంటి గుమ్మము.

ఈ వారము మనము చేయవలసిన నాలుగు పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, వచ్చే ఆదివారము చెప్పబోయే వాక్యమును ఈ సోమవారము నుండే మీ ఇంట్లో ఆచరించి చూడండి. క్షమాపణను గూర్చి చెప్పబోతున్నట్లయితే, ఎవరితో మాటలు లేవో వారి ఇంటికి ముందుగా వెళ్ళి రండి. ఆ తరువాత ప్రసంగము వ్రాసుకోండి.

రెండవది, లెక్కలు తెరవండి. కానుకల పుస్తకము పెద్దల ఎదుట పెట్టి, మీ అంతట మీరే అడగండి, సమూయేలు అడిగినట్లు. ఎవరో వచ్చి అడిగేవరకు ఆగవద్దు.

మూడవది, ఎవరూ చూడని ఒక పని చేయండి. గుడి ఊడ్చుట కావచ్చు, మంచాన పడినవారి దగ్గర రాత్రి కూర్చుండుట కావచ్చు. దానిని ఫోటో తీయించకండి, సాక్ష్యములో చెప్పకండి. మీకును దేవునికిని మధ్య ఉండనివ్వండి.

నాల్గవది, మీతో నిజము మాట్లాడే ఒక మనిషిని పెట్టుకోండి. భార్య కావచ్చు, తోటి సేవకుడు కావచ్చు, సంఘములోని ఒక పెద్ద కావచ్చు. "నా మాటకూ నా నడతకూ ఎక్కడ తేడా కనబడుతున్నది?" అని అడగండి. అడిగిన తరువాత, జవాబు చెప్పుచున్నంతసేపు నోరు తెరవకండి.

ప్రియులారా, ఆ మదనపల్లె పండితుడు ఆ పూట లేచి మాట్లాడాడు గనుక అతడు ఏమి చూచాడో మనకు తెలిసింది. మన వీధిలో మనలను చూస్తున్నవారు చాలామంది ఎన్నడూ లేచి మాట్లాడరు. ఊరక చూస్తారు, ఒక నిర్ణయానికి వస్తారు, వెళ్ళిపోతారు. వారు మనలో చూచినది వారిని యేసు దగ్గరకు నడిపించునా, లేక ఆయన దగ్గర నుండి తోలివేయునా? ఈ ప్రశ్నకు జవాబు వచ్చే ఆదివారము పులిపిట దగ్గర దొరకదు. ఈ సాయంత్రము మీ ఇంట్లో దొరుకుతుంది.

ప్రార్థన చేద్దాము.

పరిశుద్ధుడవైన తండ్రీ, నీ వాక్యము నోటిలో పెట్టుకున్న మమ్మును జ్ఞాపకము చేసుకొనుము. మా పెదవులకును మా పాదములకును మధ్య దూరము తగ్గించుము. పొగడ్త మమ్మును ఎత్తకుండును గాక, విమర్శ మమ్మును చేదుగా మార్చకుండును గాక. పల్లెపల్లెలో పేరు లేకుండా సేవ చేయుచున్న నీ సేవకులను, వారి కుటుంబములను పోషించుము. మా సంఘములలోని గీతలను నీవే చెరిపివేయుము. తువాలు కట్టుకొని వంగిన మా ప్రభువు అడుగుజాడలలో మమ్మును నడిపించుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.